సెసిల్ బీటన్ ఫొటోగ్రాఫరా, కెమెరా పట్టిన డిజైనరా?

తెరవెనుక: 1953లో పట్టాభిషేకం నాటి ఎలిజబెత్ రాణి ఫొటో చాలామంది చూసే ఉంటారు. కిరీటం, చేతిలో రాజదండం, వెనక వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీ చర్చి. ఆ ఆబీ ఉత్త గీసిన తెర! ఫొటో తీసింది బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో. తీసిన బ్రిటిష్ కళాకారుడు సెసిల్ బీటన్‌కి వచ్చిన మూడు ఆస్కార్లూ సినిమా డిజైన్‌కే: 'జీజీ' దుస్తులకు ఒకటి, 'మై ఫెయిర్ లేడీ' దుస్తులకు ఒకటి, కళాదర్శకత్వంలో వాటాగా ఇంకోటి. నన్నడిగితే ఆయన డిజైనరే. కెమెరా ఒక పనిముట్టు, అంతే.

పాత నెగటివ్: అంత పెద్ద మాటలెందుకండీ. ఉన్నవాళ్ళని ఉన్నదానికంటే అందంగా చూపించి బతికాడు. నెగటివ్ మీద నడుములు సన్నం చేయించేవాడు. మన ఊరి స్టూడియోవాడు పెళ్ళిచూపుల ఫొటోకి టచప్ చేస్తే నవ్వుతాం, ఈయన చేస్తే ఆర్టా?

గోదారి గట్టు: టచప్ సరే, మరి 1940 మాటేమిటి? లండన్ మీద బాంబులు పడుతున్న రోజులు. ఆసుపత్రి మంచం మీద మూడేళ్ళ పాప, తలకు కట్టు, చేతిలో బొమ్మ, నేరుగా మనల్నే చూస్తున్న కళ్ళు. 'లైఫ్' పత్రిక ముఖచిత్రంగా వేసింది. అక్కడ వెండి కాగితాలూ లేవు, సెల్లోఫేన్ తెరలూ లేవు. మొదట్లో చెల్లెళ్ళని నిలబెట్టి తీసిన ఫొటోల నిండా అవే కదా!

తెరవెనుక: ఆ పాప ఫొటోకి నేనూ దండం పెడతాను. కానీ చుట్టూ ఉన్న గందరగోళమంతా తీసేసి, కట్టునీ కళ్ళనీ మాత్రమే మిగల్చడం కూడా డిజైనే.

పాత నెగటివ్: 1938 సంగతి ఎవరూ ఎత్తరేం? అమెరికన్ ఫ్యాషన్ పత్రిక 'వోగ్'లో తను వేసిన బొమ్మలో, చీమల్లాంటి అక్షరాలతో యూదులను తిట్టే మాట ఇరికించాడు. పట్టుబడ్డాడు, ఉద్యోగం పోయింది. అంత సన్నటి అక్షరాలు చేయి జారి పడవు, పనిగట్టుకుని రాయాలి. మరుసటి ఏడాదే, 1939లో, ఫొటోలు తీయమని రాణిగారి నుంచి పిలుపు! పట్టాభిషేకం ఫొటోలోని రాణి కాదు, ఆమె తల్లి కాలం అది. పెద్దింటివాళ్ళతో పరిచయాలుంటే ఎంతైనా మాఫీ.

గోదారి గట్టు: ఇందులో మీతో వాదన లేదు. ఆ మచ్చ ఆయన పేరు పక్కన ఉండాల్సిందే. అసలు ప్రశ్నకొస్తే, తెరవెనుకగారూ, 'మై ఫెయిర్ లేడీ'లో గుర్రప్పందేల సీను మళ్ళీ చూడండి. రంగుల సినిమాలో జనమంతా దాదాపు నలుపు తెలుపే. 1910లో రాజు ఏడవ ఎడ్వర్డ్ పోయాక ఆస్కాట్ గుర్రప్పందేలకి అందరూ నల్లబట్టల్లో వచ్చారు, ఆలోచన అక్కడిది. ఆ సీనంతా పాత ఫొటోలా ఉంటుంది. మీరు చెప్పిన ఆస్కార్ వెనక ఉన్నది ఫొటోగ్రాఫర్ కన్నేనండీ.

తెరవెనుక: రంగులన్నీ చేతిలో పెట్టుకుని వద్దనుకోవడం డిజైనర్‌కే చెల్లింది. నేను దిగను!