బాత్రూమ్ టైల్స్‌కి డ్రిల్ బిట్ దిగట్లేదు, ఏ బిట్ కొనాలి?

కూకట్‌పల్లి ఫ్లాట్ (ప్రశ్న):
అందరికీ నమస్కారం. మాది కొత్త అపార్ట్‌మెంట్. బాత్రూమ్ గోడలకి 2 అడుగుల వెడల్పు, 4 అడుగుల పొడవున్న నున్నటి టైల్స్ వేశారు. 25 లీటర్ల గీజర్, టవల్ రాడ్డు, అద్దం బిగించాలి. గీజర్ బిగించడానికి వచ్చినతను మామూలు కాంక్రీట్ బిట్‌తో చాలాసేపు ప్రయత్నించాడు. మొన నల్లగా మాడిపోయింది, టైల్ మీద చిన్న తెల్లమచ్చ తప్ప ఏమీ పడలేదు. "డ్రిల్‌లో హ్యామర్ (కొడుతూ తిప్పే పద్ధతి) వేస్తే దిగుతుంది సార్, కానీ పగిలితే నాకు సంబంధం లేదు" అన్నాడు. వద్దని పంపించేశాను. ఈ డిజైన్ ఇప్పుడు షాపుల్లో దొరకట్లేదు, ఒక్కటి పగిలినా గోడంతా అతుకులే. పని జరిగినప్పటి ముక్కలు కొన్ని బాల్కనీలో ఉన్నాయి. ఏ బిట్ కొనాలో చెప్పండి.

హార్డ్‌వేర్ షాపు, విజయవాడ:
గ్లాస్ బిట్ అడగండి. ముందు బల్లెం మొనలా ఉంటుంది. మా షాపులో బాత్రూమ్ టైల్స్‌కి అందరూ అదే తీసుకెళ్తారు. హ్యామర్ మాత్రం ఆపేయాలి.

రాజమండ్రి ఫిట్టర్:
పైన చెప్పిన గ్లాస్ బిట్ మంచిదే, కానీ మీ టైల్ ఏదో తెలియకుండా కొనొద్దు. బాల్కనీలో ఉన్న ముక్కని తిరగేసి వెనక వైపు నాలుగు చుక్కల నీళ్లు వేయండి. చూస్తుండగానే ఇంకిపోతే అది మామూలు సిరామిక్ వాల్ టైల్. పైన గ్లేజు (మెరుపు పూత) ఒక్కటే గట్టి, లోపల మెత్తన. గ్లాస్ బిట్ హాయిగా దిగుతుంది. చుక్క అలాగే నిలబడితే అది విట్రిఫైడ్. దాని నీటి పీల్పు 0.5 శాతం కూడా ఉండదు, పైనుంచి కింద దాకా ఒకటే గట్టి. 2×4 సైజు అంటున్నారు, మొన మాడింది అంటున్నారు కాబట్టి నాకైతే విట్రిఫైడే అనిపిస్తోంది.

దానికి డైమండ్ కోర్ బిట్ కావాలి. మొన ఉండదు, బోలు గొట్టంలా ఉండి అంచున గరుకుగా డైమండ్ పొడి అంటించి ఉంటుంది. మామూలు బిట్ గుచ్చుకుంటూ పోతుంది, ఇది అరగదీసుకుంటూ పోతుంది. అందుకే బలం పెట్టి నొక్కితే లాభం లేదు, వేడెక్కి డైమండ్ రాలిపోతుంది. 6, 8, 10 ఎంఎం సైజులు మీ పనికి సరిపోతాయి. మీకు రాణిగంజ్‌లో దొరుకుతాయి.

మొన లేదు కాబట్టి మొదట్లో జారుతుంది. మాస్కింగ్ టేప్ వేసి గుర్తు పెట్టుకోండి. డ్రిల్‌ని కాస్త ఏటవాలుగా పట్టి నెమ్మదిగా తిప్పితే నెలవంక లాంటి గాడి పడుతుంది. ఆ గాడిలో బిట్ కుదురుకున్నాక తిరుగుతుండగానే మెల్లగా నిటారుగా తీసుకురండి. స్పీడ్ తక్కువే ఉండాలి. పక్కన ఒకరు స్ప్రే బాటిల్‌తో నీళ్లు కొడుతూ ఉండాలి. పది సెకన్లకోసారి బిట్‌ని వెనక్కి లాగి నీళ్లు లోపలికి పోనివ్వండి. కారేది పాలలా తెల్లగా ఉన్నంతసేపూ మీరు ఇంకా టైల్‌లోనే ఉన్నట్టు. రంగు బూడిదగా మారిందంటే సిమెంట్ తగిలింది, ఆపేయండి. బిట్ లోపల బిళ్ల ఇరుక్కుంటుంది, సన్నని మేకుతో నెట్టేసి తర్వాతి దానికి వెళ్లండి.

అక్కడి నుంచి గోడ పని వేరే బిట్‌ది. డైమండ్ బిట్‌ని ఇటుకలోకి దింపితే పాడవుతుంది. కాంక్రీట్ బిట్‌కి మార్చి లోపలికి వెళ్లండి. చాలామంది ఫిట్టర్లు బిట్ మార్చే ఓపిక లేక మొదటి నుంచి చివరి దాకా ఒకే బిట్‌తో, హ్యామర్‌తో లాగించేస్తారు. టైల్స్ పగిలేది అక్కడే. ఇంటివాళ్లు ఎంత ముచ్చటపడి ఏరుకున్న టైల్స్ అవి! అలా చేస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది.

కూకట్‌పల్లి ఫ్లాట్:
అన్నా, నీటి చుక్క పరీక్ష చేశాను. కదలకుండా నిలబడింది, విట్రిఫైడే. రెండు డౌట్లు. ప్లగ్ (స్క్రూ పట్టుకోవడానికి గోడలో దూర్చే గొట్టం) 8 ఎంఎం అయితే టైల్‌కి కూడా 8 ఎంఎం రంధ్రమేనా? ఇంకోటి, మా గోడలు ఎర్ర ఇటుక కాదు, తెల్లటి తేలిక బ్లాకులు.

రాజమండ్రి ఫిట్టర్:
టైల్‌కి ఒక సైజు పెద్దది పెట్టుకోండి. స్క్రూ బిగించేటప్పుడు ప్లగ్ ఉబ్బుతుంది. అది టైల్ మందంలో ఉబ్బితే ఆ రోజు కాకపోయినా తర్వాత సన్నని చీలిక వస్తుంది. ప్లగ్‌ని టైల్ దాటి గోడలోకి పూర్తిగా నెట్టి అప్పుడు స్క్రూ వేయండి.

తేలిక బ్లాకులని ముందే చెప్పి మంచి పని చేశారు. అలాగైతే గోడలోకి కూడా హ్యామర్ వద్దు, లోపల రంధ్రం గుల్లయి ప్లగ్ వదులైపోతుంది. వట్టి తిప్పుడుతోనే దిగుతుంది. టవల్ రాడ్డుకి, అద్దానికి ఆ బ్లాకుల కోసమే చేసే పొడుగు నైలాన్ ప్లగ్గులు వాడండి. గీజర్ విషయంలో మాత్రం రాజీ పడొద్దు. 25 లీటర్లంటే నీళ్లే 25 కిలోలు, దానికి తోడు సొంత బరువు. కాంక్రీట్ పిల్లర్ గానీ బీమ్ గానీ అందుబాటులో ఉంటే అక్కడే యాంకర్ ఫాస్టెనర్ (కాంక్రీట్‌లో బిగుసుకునే ఇనుప బోల్టు) వేయించండి. పిల్లర్‌లోకి వెళ్లేటప్పుడు హ్యామర్ కావాలి, టైల్ పూర్తిగా దాటాకే ఆన్ చేయాలి.

మొదలుపెట్టే ముందు టైల్‌ని వేలి కణుపుతో తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే వెనక సిమెంట్ లేదు, అక్కడ ఏ బిట్ పెట్టినా ప్రమాదమే, పక్కకి జరగండి. అంచులకీ మూలలకీ దగ్గరగా కూడా వద్దు.

గృహిణి, విశాఖ:
నీళ్లు, కరెంటు రెండూ కలిసే పని, అదీ బాత్రూమ్‌లో కదండీ. వైరున్న డ్రిల్ వద్దు, బ్యాటరీ డ్రిల్ ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. గీజర్ లైన్ ఎంసీబీ (కరెంటు బోర్డులో ఆ లైన్ స్విచ్) కూడా ఆఫ్ చేయండి. ఇంకో మాట, మిక్సర్ కుళాయి నుంచి గీజర్ పాయింట్ దాకా వేడినీళ్ల పైపు గోడలోనే నిలువుగా పోతుంది. ఆ గీత మీద రంధ్రం వద్దు. టైల్స్ వేయకముందు తీసిన ఫోటోలు ఉంటే బిల్డర్ దగ్గర అడిగి చూడండి.

కూకట్‌పల్లి ఫ్లాట్:
ఫోటోలు మా నాన్నగారి ఫోన్‌లో ఉన్నాయి. పైపు సరిగ్గా గీజర్ పాయింట్ కిందే ఉంది, దానికి జానెడు ఎడంగా పిల్లర్ కనిపిస్తోంది. ఆదివారం ముందు బాల్కనీ ముక్క మీద 10 ఎంఎం బిట్‌తో ప్రాక్టీస్ చేసుకుని, తర్వాత టవల్ రాడ్డుతో మొదలుపెడతాను.