చలి మొదలైంది, పచ్చి టమాటాలను పండించుకోవడం ఎలా?

మేము ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఉంటున్నాము. పెరట్లో ఆరుబయట పెంచిన టమాటా మొక్కలు విరగకాశాయి గానీ, సెప్టెంబరు సగం దాటినా కింది గుత్తుల్లోని కొన్ని కాయలు తప్ప మిగిలినవన్నీ పచ్చిగానే ఉన్నాయి. పగలంతా మబ్బు, ముసురు. రాత్రి ఉష్ణోగ్రత తరచుగా 10 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువకు పోతోంది.

కాయకు ఎరుపునిచ్చే లైకోపీన్ 20 నుంచి 25 డిగ్రీల మధ్య బాగా తయారవుతుందని చదివి, ఉన్న కాయలకే బలం అందేలా కొత్త పూత తీసేసి, తలలు తుంచాను. ఎండ తగలాలంటే ఆకులన్నీ దూసివేయమని కొందరు చెబుతున్నారు. పండడానికి వెలుగు కన్నా వెచ్చదనమే ముఖ్యం కాబట్టి ఆ సలహా నాకు రుచించలేదు.

రంగు తిరిగిన కాయలను అరటిపండుతో పాటు కాగితపు సంచిలో ఉంచితే, అది విడిచే ఇథిలీన్ అనే వాయువు వల్ల త్వరగా మగ్గుతాయి. ఇంకా రంగు తిరగని కాయల సంగతే నా సందేహం. వాటిలో బాగా ముదిరినవి ఏవో కోయకుండానే గుర్తించడం ఎలా? మొక్కను వేళ్లతో సహా పెకలించి గరాజులో తలకిందులుగా వేలాడదీయడం మేలా? చుట్టుపక్కల తోటల్లో లేట్ బ్లైట్ తెగులు కనిపిస్తోంది కనుక, పైకి శుభ్రంగా ఉన్న కాయలు ఇంట్లోకి తెచ్చాక గోధుమరంగు మచ్చలు పడి కుళ్లిపోకుండా ఏ జాగ్రత్త తీసుకోవాలి? ఇలాంటి చలి ప్రదేశాల్లో టమాటా పండించిన అనుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయగలరు. పచ్చి టమాటా పచ్చడి మాత్రం సూచించవద్దని మనవి, జాడీలు ఇప్పటికే నిండిపోయాయి.