ఎల్పీ చివరి పాటలో ‘స’, ‘ష’ గరగరమంటున్నాయి

వైజాగ్‌లో ఉంటాం. నాన్నగారి ఘంటసాల ఎల్పీ (గ్రామఫోన్) రికార్డులను 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాను. మొదటి పాటలు హాయిగా ఉన్నాయి, గొంతులో గమకం సన్నగా మెలి తిరగడం కూడా తెలుస్తోంది. లేబుల్ దగ్గరి చివరి పాటకొచ్చేసరికి మాత్రం ‘స’, ‘ష’ ఇసుక మీద చెప్పు ఈడ్చినట్టు గరగరమంటాయి.

డిజిటల్ లోపం కాదు. రికార్డింగ్‌లో అతి పెద్ద శబ్దం (పీక్) కూడా మైనస్ 6 డెసిబెల్స్ దాటలేదు, అంటే హద్దుకు లోపలే ఉంది; కంప్యూటర్ లేకుండా నేరుగా హెడ్‌ఫోన్స్‌లో విన్నా అంతే. సముద్రపు గాలికి పట్టిన బూజేమోనని డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడిగాను. కొత్త ఎలిప్టికల్ (మొన కోలగా ఉండే) సూది వేశాను, గాడి మీద అది మోపే బరువు 2 గ్రాములు. లోపలికి వెళ్లేకొద్దీ సూది కింద గాడి కదిలే వేగం తగ్గుతుంది, దాంతో చివర్లో కొంత గరగర రావచ్చు, నిజమే. కానీ ఈమధ్య కొన్న కొత్త రికార్డులో చివరి పాట శుభ్రంగానే పలుకుతోంది!

పాత సూదులతో అరిగిన ఇలాంటి గాడిలో, మైక్రోలైన్ (మొన ఇంకా సన్నగా ఉండే) సూది వేసి ‘స’ బాగుపడినవాళ్లు ఎవరైనా ఉన్నారా?