కాలేయ క్యాన్సర్ ఆపరేషన్ తరువాత హెపటైటిస్ బి మాత్రలు మానేయవచ్చా?

మా నాన్నగారికి హెపటైటిస్ బి వల్ల కాలేయ క్యాన్సర్ వస్తే ఆపరేషన్ చేసి గడ్డ తీసేశారు. అప్పటినుంచి రోజూ ఆ వైరస్‌ను అణిచివుంచే ఎంటెకావిర్ మాత్ర 0.5 మి.గ్రా. వేసుకుంటున్నారు. ఈమధ్య రక్తపరీక్షలో వైరస్ డీఎన్‌ఏ కనబడలేదు. ఇక మాత్ర ఎందుకని నాన్న పట్టుబట్టారు. బంధువులూ ఆయనకే వంత పాడుతున్నారు.

రక్తంలో కనబడకపోయినా వైరస్ కాలేయ కణాల్లో దాగే ఉంటుందని, మందు ఆపితే ఒక్కసారిగా విజృంభించి మిగిలిన కాలేయాన్ని దెబ్బతీయవచ్చని, గడ్డ మళ్లీ వచ్చే ముప్పూ పెరుగుతుందని డాక్టరుగారు చెప్పారు. నాకు ఆ మాట మీద పూర్తి నమ్మకం ఉంది. నాన్నను ఒప్పించడమే కష్టంగా ఉంది.

ఇంకో చిక్కు, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తంలో కొద్దిగా పెరిగింది. అవసరమైతే టెనోఫోవిర్ అలాఫెనమైడ్ 25 మి.గ్రా.కు మారుస్తామన్నారు. పాత టెనోఫోవిర్ 300 మి.గ్రా. కంటే ఇది మూత్రపిండాలకు, ఎముకలకు మేలట. అలా మారినవారు ఉన్నారా? తరువాత పరీక్షలు ఎన్నాళ్లకోసారి చేయించారు? ఎంటెకావిర్‌కు, భోజనానికి మధ్య రెండు గంటల ఎడం ఉండాలి కదా, షుగరు ఉన్నవారు ఏ వేళకు వేసుకుంటున్నారు?

ఆపరేషన్ తరువాత ఏళ్ల తరబడి ఈ మందు వాడుతున్నవారు ఎవరైనా నాన్నతో ఫోనులో రెండు మాటలు మాట్లాడగలరా? మా మాటకన్నా మీ మాటే ఆయన వింటారు.