పార్కులో లంటానా నరికితే రెట్టింపై లేచింది, వయ్యారిభామ కూడా ఉంది: ముందు దేన్ని పట్టుకోవాలి?

పొద్దునడక: హైదరాబాద్ శివారులోని అర్బన్ ఫారెస్ట్ పార్కు. ఆదివారాలు ముప్పై మందిమి శ్రమదానానికి వస్తాం, అటవీ శాఖ అనుమతి కాగితం చేతిలో ఉంది. నడక దారి పక్కన వయ్యారిభామ (పార్థీనియం) కలుపు మోకాలెత్తు వచ్చింది, లోపల చెట్ల కింద లంటానా ముళ్లపొదలు. నిరుడు లంటానాను నేలమట్టంగా నరికించారు. ఇప్పుడు ఒక్కో మోడుకు ఏడెనిమిది కొమ్మలు. రెండు గంటల సమయం, ఐదు గడ్డపారలు, పది కొడవళ్లు ఉన్నాయి. ఎక్కడ మొదలెట్టాలి? ఉప్పునీళ్లు కొడితే సరిపోతుందని ఒకాయన అంటున్నారు.

గడ్డపార: ముందు వయ్యారిభామే అండి. అది మొలిచిన నాలుగు నుంచి ఆరు వారాల్లో పూతకొస్తుంది. జూన్ వానకు మొలిచింది జులై చివరికల్లా తెల్లపూత పట్టేస్తుంది. ఒక్క మొక్క వేలల్లో విత్తనాలు రాలుస్తుంది. లంటానా ఇంకో నెల ఆగినా కొంప మునగదు.

వాన పడిన మర్నాడో, రెండోనాడో పీకండి. నేల మెత్తగా ఉన్నప్పుడు మొదలు పట్టుకుని నిటారుగా లాగితే వేరుతో వస్తుంది. కొడవళ్లు ఇంట్లోనే వదిలేయండి. కోసిన మొక్క మొదట్లోంచి మళ్లీ చిగురేసి, ఈసారి జానెడెత్తులోనే పూస్తుంది. అప్పుడు గడ్డిలో కలిసిపోయి కంటికి కూడా కనపడదు.

పూత లేనిదాన్ని ఎరువు గుంటలో వేయొచ్చు. 3 అడుగుల లోతు, 6 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు గుంట సరిపోతుంది. ఒక పొర మొక్కలు, పైన పేడనీళ్లు, పలచగా మట్టి, మళ్లీ పొర. చివర పేడ, మట్టి కలిపి మెత్తితే నాలుగైదు నెలల్లో మాగుతుంది. పూత వచ్చినదాన్ని మాత్రం గుంటలో వేయొద్దు. పీకాక కూడా పూలలో విత్తనం ముదురుతుంది. పాత ఎరువుల సంచుల్లో కుక్కి, మూతి కట్టి, బయటికి పంపడమే.

తంగేడుపూలు: చర్మం సంగతి ఎవరూ చెప్పలేదు. నిండు చేతుల చొక్కా, మోచేతి దాకా గ్లౌజులు, మాస్కు తప్పనిసరి. ఉబ్బసం, దుమ్ము ఎలర్జీ ఉన్నవాళ్లను, పిల్లలను ఈ పనికి పెట్టొద్దు, వాళ్లకు లెక్క రాసే పని ఇవ్వండి. వయ్యారిభామ వల్ల వచ్చే దురద మొదటి రోజే రావాలని లేదు. నాలుగైదు ఆదివారాలు బాగానే పీకినవాళ్లకు ఆరోసారి మెడ మీద, మోచేతి మడతల్లో పొక్కులు రావచ్చు. అలా వచ్చినవాళ్లు ఇక దాన్ని ముట్టకూడదు.

ఉప్పు విషయం: లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి, ఎండ కాసే పూట పూతకు ముందే తడిపితే ఆకు మాడుతుంది, నిజమే. రోడ్డు పక్క బంజరుకు చెప్పే సలహా అది. పార్కులో కొడితే పక్కనున్న గడ్డి కూడా చస్తుంది, ఉప్పు మట్టిలో దిగుతుంది. ఖాళీ అయిన నేలలో తర్వాత మొదట మొలిచేది మళ్లీ వయ్యారిభామే.

పొద్దునడక: థాంక్స్ అండి. వయ్యారిభామ ఆకుల మీద, పసుపు ఒంటిపై గోధుమ చారలున్న చిన్న పురుగులు గుంపులుగా ఉన్నాయి. మందు కొట్టాలా?

గడ్డపార: అయ్యో, వద్దు! అది మనకోసమే పనిచేస్తోంది. జైగోగ్రామా అంటారు, మెక్సికన్ బీటిల్ అనీ పిలుస్తారు. 1984లో బెంగళూరులో వదిలారు, అక్కడి నుంచి పాకింది. వానాకాలమంతా ఆకు తిని, చలికి మట్టిలో దూరి, మళ్లీ తొలకరికి లేస్తుంది. పురుగు బాగా పట్టిన చోట పీకకండి, చుట్టూ ముగ్గుతో గీత గీసి వదిలేయండి. నడక దారి పక్కన మాత్రం పురుగున్నా పీకాల్సిందే. చెప్పులకు, టైర్లకు అంటుకుని విత్తనం పోయేది అక్కడి నుంచే.

కలివికంప: ఇక లంటానా. నేలమట్టంగా నరకడమే పొరపాటు. దానికి చిగురేసే కళ్లన్నీ కాండం, వేరు కలిసే చోట ఉంటాయి. ఆ ముడి నేలలో మిగిలితే నరికిన ప్రతిసారీ గుబురు పెరుగుతుంది. ఢిల్లీ యూనివర్సిటీలో ప్రొఫెసర్ సి.ఆర్. బాబు బృందం రూపొందించిన పద్ధతి దీనికి బాగా కుదురుతుంది. ముడికి కింద, నేలలోపల 3 నుంచి 5 సెంటీమీటర్ల దగ్గర తల్లివేరును తెంచాలి.

పని ఇద్దరిది. ఒకరు గుబురును కర్రతో ఒక పక్కకు వంచి పట్టాలి, ఇంకొకరు మొదలు చుట్టూ రెండు మూడు అంగుళాల మట్టి తీయాలి. ముడి కింద లేత పసుపు రంగు వేరు కనపడగానే గడ్డపార మొన ఏటవాలుగా పెట్టి ఒక్క పోటు. మొత్తం తవ్వి తీయకండి. నేల అంత గుల్లయితే పాత విత్తనాలన్నీ లేస్తాయి. తెంచిన గుబురును తలకిందులుగా, వేరు ఆకాశం వైపు ఉండేలా పెట్టండి. తడి నేలకు తగిలితే కణుపుల దగ్గర వేరు పట్టేస్తుంది.

మీ నిరుటి మోళ్లకూ ఇదే వైద్యం, కాకపోతే పోటు కాస్త గట్టిగా పడాలి.

తంగేడుపూలు: ఒక మాట కలుపుతాను. గడ్డపార దింపేముందు అది లంటానాయేనా అని చూడండి. లంటానా కాండం నలుపలకలుగా ఉంటుంది, చిన్న కొక్కేల్లాంటి ముళ్లు, ఆకు నలిపితే ఘాటు వాసన. కలివి గుబురు దూరం నుంచి అలాగే కనిపిస్తుంది, కానీ ఆకు తుంచితే పాలు కారతాయి, ముళ్లు పొడుగు. అది మన అడవి మొక్క, కాయలు పిట్టలకూ మనకూ తిండి. కొత్తవాళ్లుంటే ముందురోజే లంటానా గుబురులకు రంగు గుడ్డపీలిక కట్టండి. పీలిక లేనిదాన్ని ముట్టొద్దని చెబితే చాలు.

పొద్దునడక: మొత్తం ఈ వానాకాలంలోనే తీసేద్దామని మావాళ్ల ఆత్రం.

కలివికంప: అక్కడే ఆగండి. నెమళ్లు, కముజు పిట్టలు దాక్కునేది ఆ గుబురుల్లోనే. ఈ ఏడు మూడో వంతు చాలు. గూడు ఉన్న గుబురును వదిలేయండి. గుబురులో చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టండి, పాములుంటాయి.

ఖాళీ చేసిన చోటును వారంలోపే నింపాలి. పార్కులోనే బాగా ఉన్న చోటి నుంచి గడ్డి దుబ్బులు తెచ్చి అడుగు ఎడంలో నాటండి. మధ్యలో తంగేడు, రేల. దారి అంచుల్లో తగిరిస గింజలు చల్లండి, దాని గుబురు కింద వయ్యారిభామ అంత తేలిగ్గా లేవదు. దుబ్బులు ఎంత దొరుకుతాయో అంత మేరే లంటానా తీయడం మంచిది. గడ్డి లేకుండా నేల ఖాళీ చేసి ఫొటో దిగి వెళ్లిపోయిన చోట్లన్నీ మళ్లీ లంటానాయే.

తర్వాత చూడాల్సింది పిట్టలు వాలే చెట్ల కింద. గోరింకలు, పిగిలిపిట్టలు లంటానా నల్లకాయలు తిని అక్కడే రెట్ట వేస్తాయి, మొలకలు అక్కడే గుంపుగా వస్తాయి. సెప్టెంబరులో ఒకసారి, మళ్లీ వచ్చే జులైలో ఒకసారి, కనీసం రెండు మూడేళ్లు, వేలెడెత్తు ఉన్నప్పుడే చేత్తో పీకాలి.

పొద్దునడక: ఎండిన కంపను అక్కడే కాల్చేయొచ్చా?

గడ్డపార: అస్సలు వద్దు. అడవి భూమిలో నిప్పు పెట్టడం నేరం. పైగా మంట పోయాక లంటానాయే ముందు లేస్తుంది. ఎండిన కుప్పలను జనవరి లోపే చెట్ల కింద నుంచి ఈడ్చేయండి, ఫిబ్రవరి నుంచి అడవి మంటలకు అవే ఇంధనం. లావు కర్రలుంటే పారేయకండి. నీలగిరుల్లో ఆ కట్టెతో నిలువెత్తు ఏనుగు బొమ్మలే చేస్తున్నారు. మీకు కనీసం మొక్కలకు ఊతకర్రలుగా పనికొస్తాయి, బాగా ఎండాకే పాతండి, పచ్చిది పాతితే వేరేస్తుంది.

పని అయ్యాక గేటు దగ్గర చీపురు, పాత బ్రష్ పెట్టి అందరి బూట్ల అడుగు దులిపించండి. ఆ దుమ్మును కూడా సంచిలోకే.