స్టాక్‌బ్రిడ్జ్‌లోని రెడ్ లయన్ ఇన్‌లో బస

ప్రశ్న: మసాచుసెట్స్‌లోని ఈ పాత విడిదిలో అక్టోబరులో అమ్మానాన్నలతో బస చేయాలనుకుంటున్నాము. పెద్దవారికి అనువుగా ఉంటుందా?

జవాబు: బాగుంటుందండీ. 1773లో మొదలైన ఈ విడిది 1896లో అగ్నికి ఆహుతై, మరుసటి ఏడాదే తిరిగి వెలిసింది. పంజరం వంటి పాతకాలపు లిఫ్టు ఉంది కనుక మెట్ల గురించి బెంగ అంతగా అక్కరలేదు. వీధివైపు పొడవాటి వసారాలో ఊగే కుర్చీలో కూర్చున్న మా నాన్నగారు భోజనానికి కూడా లేవనన్నారు.

మరో జవాబు: స్నానాలగది గదిలోనే ఉందో లేదో ముందుగా అడగండి, ఎందుకంటే పాత భవనాలలో అన్ని గదులూ ఒకేలా ఉండవు. అదే ఊరిలో చిత్రకారుడు నార్మన్ రాక్‌వెల్ పేరిట ఉన్న మ్యూజియంలో, ఈ విడిది కూడా కనిపించే క్రిస్మస్ నాటి ప్రధాన వీధి చిత్రాన్ని తప్పక చూడండి.

అడిగినవారు: ధన్యవాదాలండీ. అమ్మ శాకాహారి కనుక భోజనం సంగతి కూడా ఫోనులో కనుక్కుంటాను.