అప్‌డేట్: డెబియన్ స్టేబులా, టెస్టింగా? చివరికి ఏం చేశానంటే

నాన్న షాపులో బిల్లింగ్ కంప్యూటర్‌కి డెబియన్ (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వేద్దామనుకుని, అందులో బాగా పరీక్షించి విడుదల చేసే స్టేబుల్ వేయాలా, కొత్త వెర్షన్లు ముందే వచ్చే టెస్టింగ్ వేయాలా అని పోయిన నెల అడిగాను కదా. స్టేబులే వేశాను. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13, దాని కోడ్ పేరు ట్రిక్సీ. నా టెన్షన్ అంతా సెక్యూరిటీ అప్‌డేట్ల గురించే. స్టేబుల్‌కి అవి నేరుగా వస్తాయి. టెస్టింగ్‌కి చాలాసార్లు అన్‌స్టేబుల్ (కొత్త ప్యాకేజీలు ముందుగా చేరే డెబియన్ శాఖ) దాటుకుని రావాలి, ఆలస్యమవుతుంది. మీలో ఒకరు చెప్పేదాకా ఈ సంగతి నాకు తెలియదు, చాలా థాంక్స్. కొత్తది కావాల్సింది లిబ్రెఆఫీస్ ఒక్కటే, దాన్ని ఫ్లాట్‌ప్యాక్‌లో (డెబియన్ వెర్షన్‌తో సంబంధం లేకుండా యాప్‌లు వేసుకునే పద్ధతి) పెట్టాను. కొత్త కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) కావాలంటే, కొత్త వెర్షన్లను స్టేబుల్‌కి సరిపడేలా అందించే బ్యాక్‌పోర్ట్స్ ఉంది, ఇంకా అవసరం రాలేదు.

నా ల్యాప్‌టాప్‌లో మాత్రం టెస్టింగే ఉంచుకున్నాను. అందులో ఏదైనా చెడితే రాత్రి కూర్చుని సరిచేసుకుంటాను. షాపులో అలా కుదరదు, నాన్న ఎదురుగా కస్టమర్ నిలబడి ఉంటాడు.